పాఠకుల ప్రశ్నలు: విశ్వాసంలో ఎదిగామని ఎలా తెలుస్తుంది?

ఈసారి అందిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందుచేత ఈ సంచికలోని శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాము. వ్యక్తిగత వివరాలను తొలగించి, ప్రశ్నలను కుదించి ఇస్తున్నాము.

ప్రశ్న: నేను రక్షణ పొంది ఇరవై సంవత్సరాలు దాటింది. బైబిలును మొదటి నుండి చివరి వరకు అనేకసార్లు చదివాను. సంఘంలో పిల్లలకు వాక్యం బోధిస్తున్నాను. అయినా ఇంట్లో చిన్న విషయానికే కోపం వస్తుంది, నోరు జారుతుంది. నిరుడు బాప్తిస్మం పొందిన ఒక సోదరి మాత్రం ఎవరు నొప్పించినా తిరిగి మాట అనదు. ఆమెను చూస్తే ఇన్నేళ్ల నా విశ్వాసం వ్యర్థమేమో అనిపిస్తోంది. అసలు ఆత్మీయ పరిపక్వత అంటే ఏమిటి?

జవాబు: సహోదరీ, మీరు రెండు ప్రశ్నలను కలిపి అడిగారు. పరిపక్వత అంటే ఏమిటన్నది ఒకటి, మీరు దానికి ఎంత దూరంలో ఉన్నారన్నది మరొకటి. ఒక ఉత్తరం చదివి రెండవదానికి తీర్పు చెప్పడం నాకు సాధ్యం కాదు, తగదు కూడా. మొదటి ప్రశ్నకు మాత్రం లేఖనంలో తగినంత స్పష్టమైన సమాధానం ఉంది.

కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం చివరి వచనాలలో రచయిత తన పాఠకులను గట్టిగానే మందలిస్తాడు. గడిచిన కాలాన్ని బట్టి చూస్తే వారు ఇతరులకు బోధకులై ఉండవలసినవారు. కానీ దేవోక్తులలోని మొదటి మూలపాఠాలనే మళ్లీ ఎవరో ఒకరు వారికి నేర్పవలసి వచ్చింది, బలమైన ఆహారానికి బదులు పాలు పట్టవలసి వచ్చింది. సంవత్సరాలు గడవడం వల్ల ఎదగడానికి అవకాశం దొరుకుతుంది, అంతమాత్రాన ఎదుగుదల దానంతటదే రాదు. ఆ వెంటనే వయస్సు వచ్చినవారు, అంటే పరిపక్వులు, ఎవరో కూడా ఆయన చెబుతాడు: అభ్యాసం చేత మేలు కీడులను వివేచించడానికి సాధన పొందిన జ్ఞానేంద్రియాలు గలవారు. కంఠస్థం చేసిన వచనాల సంఖ్యను గాని, సంఘంలో వహించే బాధ్యతను గాని ఆయన ఇక్కడ ప్రస్తావించలేదన్నది గమనించండి. తెలిసిన సత్యానికి రోజువారీ జీవితంలో లోబడుతూ, తప్పినప్పుడు సరిదిద్దుకుంటూ, మళ్లీ లోబడుతూ వచ్చినవారికి కాలక్రమంలో ఒక రకమైన గ్రహింపు అలవడుతుంది. ఏ మాట మేలు చేస్తుందో, ఏది గాయపరుస్తుందో, ఏది దేవుని పట్ల ఆసక్తో, ఏది ఆ ముసుగు వేసుకున్న స్వాభిమానమో వారికి తెలిసిపోతుంది. పరిపక్వత అంటే ముఖ్యంగా ఈ గ్రహింపు, దాని ప్రకారం నడవడానికి సిద్ధపడిన మనస్సు.

దీనికి తోడు మరొక సంగతి ఉంది. బిడ్డ ఎదిగేకొద్దీ తల్లిదండ్రుల చేయి వదిలి తన కాళ్ల మీద నిలబడుతుంది, అలా నిలబడడాన్నే మనం ఎదగడమంటాం. ఆత్మీయ జీవితంలో దిశ దాదాపు ఇందుకు విరుద్ధం. “నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు” అని యేసు తన శిష్యులతో అన్న మాట తొలి దినాలలో మనకు ఒక సిద్ధాంతంగా మాత్రమే తెలుస్తుంది. అనేక పరాజయాల తరువాత అది మన గురించిన యథార్థ వర్ణన అని అర్థమవుతుంది. తొలి సంఘాలకు పత్రికలు వ్రాసిన అపొస్తలుడు పౌలు మాటలనే చూడండి. కొరింథీయులకు వ్రాసినప్పుడు తాను అపొస్తలులలో తక్కువవాడనన్నాడు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పరిశుద్ధులందరిలో అత్యల్పుడనన్నాడు. తన యువ సహచరుడు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో పాపులలో తాను ప్రధానుడనన్నాడు. సంఘం పరంపరగా అంగీకరిస్తూ వచ్చిన కాలక్రమంలో ఈ మూడు మాటలు ఇదే వరుసలో వస్తాయి. ఆయన సేవ విస్తరిస్తున్నకొద్దీ తన గురించి ఆయన వేసుకున్న అంచనా తగ్గుతూ వచ్చింది. అది కుంగిపోవడం ఎంతమాత్రం కాదు, ఎందుకంటే ఆ మాటలన్నిటిలోనూ దేవుని కృప పట్ల ఆశ్చర్యమే ప్రధానంగా వినిపిస్తుంది.

ఇక మీ కోపం సంగతి. కొందరు స్వభావరీత్యా నిదానస్థులు. వారి నిదానమంతా ఆత్మఫలమని, అంటే పరిశుద్ధాత్మ వారిలో పండించిన గుణమని, అనుకోనక్కరలేదు. మరికొందరు పుట్టుకతోనే ముక్కోపులు. వారు కోపం వచ్చినా ఒక్క మాటను పెదవుల దగ్గర ఆపగలిగితే, నిదానస్థులు రోజంతా మౌనంగా ఉన్నదానికంటే అందులో కృప పని ఎక్కువగా ఉండవచ్చు. కాబట్టి ఆ సోదరితో పోల్చుకోవడం మానండి. నిరుటి మీతో నేటి మిమ్మల్ని పోల్చుకోండి. నోరు జారిన తరువాత తప్పు ఒప్పుకోవడానికి పట్టే సమయం తగ్గిందా? ఒప్పుకునేటప్పుడు “నువ్వు అలా అన్నావు కాబట్టే” అన్న జోడింపు లేకుండా క్షమాపణ అడగగలుగుతున్నారా? సూర్యుడస్తమించే వరకు కోపం నిలిచి ఉండకూడదని ఎఫెసీ పత్రిక చెప్పేటప్పుడు, విశ్వాసులకు కోపం వస్తుందన్న సంగతి దృష్టిలో ఉంచుకునే చెబుతోంది.

అయితే ఒక హెచ్చరిక చేయక తప్పదు. మీ కోపానికి ఇంట్లోనివారు భయపడుతూ బ్రతుకుతున్నట్లయితే, దానిని మీ వ్యక్తిగత ఎదుగుదలకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడకండి. మీరు నమ్మే ఒక పెద్దకు సంగతంతా చెప్పి, వారి సహాయం తీసుకోండి. పిల్లలకు వాక్యం చెప్పే బాధ్యత కూడా మీకు ఉంది గనుక ఈ విషయంలో ఆలస్యం మంచిది కాదు.

ప్రశ్న: మా సహవాసంలో ఒక సోదరునికి ప్రవచన వరం, స్వస్థత వరం ఉన్నాయని అందరూ నమ్ముతారు. ఆయన మాట కటువుగా ఉంటుంది. లెక్కలు అడిగితే కోప్పడతారు. ఎవరైనా ప్రశ్నిస్తే అది పరిశుద్ధాత్మకు విరోధమైన దూషణ అంటున్నారు. ఇంత శక్తితో వాడబడుతున్న మనిషి ఆత్మీయంగా పరిపక్వుడు కాడని అనగలమా?

జవాబు: అనవచ్చు, అనవలసిన సందర్భాలు కూడా ఉంటాయి. ఇందుకు కొరింథు సంఘాన్ని మించిన ఉదాహరణ అక్కరలేదు. ఏ కృపావరంలోనూ వారికి లోపం లేదని పౌలు తన మొదటి పత్రిక ఆరంభంలోనే ఒప్పుకున్నాడు. ఇంకా రెండు అధ్యాయాలు దాటకముందే, వారితో ఆత్మసంబంధులతో మాట్లాడినట్టు మాట్లాడలేకపోయానని, క్రీస్తునందు పసిబిడ్డలతో మాట్లాడినట్టు మాట్లాడవలసి వచ్చిందని వ్రాశాడు. “మీలో అసూయయు కలహమును ఉండగా మీరు శరీరసంబంధులై మనుష్యరీతిగా నడుచుకొనువారు కారా?” అన్నది ఆయన ప్రశ్న. వారు ఒకరి మీద ఒకరు న్యాయస్థానాలకెక్కారు. ప్రభువు బల్ల దగ్గర ఒకరు ఆకలితో ఉండగా మరొకరు మత్తులో ఉన్నారు. అన్యభాషలు, ప్రవచనాలు మాత్రం ఆ సంఘంలో సమృద్ధిగా సాగుతూనే ఉన్నాయి. ప్రేమను గురించి అందరికీ ఎంతో ప్రియమైన 13వ అధ్యాయం, వరాలను గురించిన 12, 14 అధ్యాయాల మధ్య ఉంది. వివాహ వేడుకలలో ఎంతో మధురంగా వినిపించే ఆ మాటలు మొదట వరాలతో మిడిసిపడుతున్న ఒక సంఘాన్ని సరిదిద్దడానికి వ్రాసినవి.

కృపావరం పేరుకు తగ్గట్టే ఉచితంగా ఇవ్వబడేది; పొందినవాని యోగ్యతకు అది నిదర్శనం కాదు. ఫలం అలా కాదు, అది పండడానికి కాలం పడుతుంది. గలతీ పత్రికలో ఆత్మఫలంగా పేర్కొన్న ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం అన్నవాటిలో వేదిక మీద ప్రదర్శించదగినది ఒక్కటీ లేదు. అవి ఇంటివారికి, తోటి పనివారికి, అప్పు ఇచ్చినవారికి తెలుస్తాయి. తన నామమున ప్రవచించి, దయ్యములను వెళ్లగొట్టి, అద్భుతములు చేసినవారిలో కూడా కొందరితో “నేను మిమ్మును ఎన్నడును ఎరుగను” అని చెబుతానని ప్రభువు కొండమీది ప్రసంగంలో అన్నాడు. ఆ మాట మీ సహవాసంలోని సోదరునికే వర్తిస్తుందని నేననడం లేదు. శక్తిని చూసి గుణాన్ని ఊహించుకోవడం ప్రమాదకరమని మాత్రం చెబుతున్నాను.

దూషణ అన్న ఆరోపణ గురించి ఇంకా స్పష్టంగా చెప్పాలి. మార్కు సువార్త 3వ అధ్యాయంలో ప్రభువు ఆ హెచ్చరిక చేసింది, ఆయన దయ్యాలను వెళ్లగొట్టడం చూసి కూడా అది దయ్యాల అధిపతియైన బయెల్జెబూలు పని అన్న శాస్త్రులకు. ఒక మనిషిని లెక్కలు అడగడానికీ దానికీ సంబంధం లేదు. పైగా ప్రవక్తలు మాట్లాడుతున్నప్పుడు తక్కినవారు వివేచింపవలెనని పౌలే ఆజ్ఞాపించాడు. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టమని థెస్సలొనీకయులకు వ్రాశాడు. పౌలు చెప్పిన సంగతులు ఆలాగున్నవో లేవో అని బెరయ పట్టణపు యూదులు ప్రతిదినం లేఖనాలను పరిశోధించారు. అపొస్తలుల కార్యములలో దానికి వారు ప్రశంస పొందారు గాని మందలింపు పొందలేదు. కానుకల విషయంలో పౌలు నడిచిన తీరు కూడా ఇలాంటిదే. యెరూషలేములోని బీదల కోసం పోగుచేసిన ధనాన్ని చేరవేయడానికి సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంట ఉంచుకున్నాడు. ఎవరూ తమ మీద తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని, ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యమైనవాటిని చూసుకుంటున్నామని వివరణ ఇచ్చాడు. పౌలు తన సేవను లెక్కలకు అతీతమైనదిగా చూసుకోలేదంటే, మీ సోదరుడు చూసుకోవడానికి కారణమేమిటో నాకు బోధపడడం లేదు. మీరు ఒంటరిగా కాక మరో ఇద్దరు ముగ్గురితో కలిసి, మర్యాదగా, వ్రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో ప్రార్థనలో కన్నీళ్లు వచ్చేవి, గంటలు తెలిసేవి కావు. ఇప్పుడు మోకాళ్లూనితే మాటలే రావు. వాక్యం చదివినా హృదయం కదలదు. పాపమేదైనా దాగి ఉందా అని పరీక్షించుకున్నాను. నేను వెనుకకు జారిపోయానా?

జవాబు: తప్పనిసరిగా అలాగే అయ్యుండాలని లేదు. పరీక్షించుకోవడం మంచిదే, అది మీరు చేశారు. ఇక దానినే తవ్వుకుంటూ కూర్చోకండి. ముందుగా మీ శరీరాన్ని అడగండి: నిద్ర చాలుతోందా, అనారోగ్యమేమైనా ఉందా, దుఃఖం లోపల గూడు కట్టుకుందా? కర్మెలు పర్వతం మీద ప్రార్థించి ఆకాశం నుండి అగ్నిని దింపిన ప్రవక్త ఏలీయా ఆ తరువాత కొద్ది కాలానికే బదరీ వృక్షం క్రింద కూర్చుని మరణాన్ని కోరుకున్నాడు. దేవుడు మొదట ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూత ద్వారా అప్పమూ నీళ్లూ పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఈ వరుసను మన ఉపదేశకులు ఎక్కువగా గమనించరు. ఆసక్తులన్నీ చచ్చిపోయి, ఈ పొడితనం ప్రార్థనను దాటి జీవితమంతా పరచుకుంటే, వైద్యుణ్ణి సంప్రదించడం అవిశ్వాసమనిపించుకోదు.

శరీర కారణాలేవీ లేకపోతే, ఇది ఎదుగుదలలో భాగం కావచ్చునని సంఘ చరిత్రలోని అనుభవజ్ఞులు అనేకులు చెప్పారు. తొలి దినాలలో అనుభూతి మనలను ప్రార్థనకు లాక్కుని వెళ్తుంది. అది తగ్గినప్పుడు, మనం వెతికింది ఆ తియ్యదనాన్నా లేక ఆయననా అన్నది తేలుతుంది. పేదల మధ్య సేవకు లోకమంతా ఎరిగిన మదర్ థెరిసా అంతరంగంలో దశాబ్దాల పాటు దేవుడు దూరమైనట్టు అనుభవించిందని 2007లో ప్రచురితమైన ఆమె ఉత్తరాల ద్వారా బయటపడింది. ఆ కాలమంతా ఆమె ప్రార్థనా మానలేదు, సేవా మానలేదు. 16వ శతాబ్దంలో యేసు సభను (జెస్యూట్ సంఘాన్ని) స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా ఇలాంటి స్థితికి ఒక ఆచరణయోగ్యమైన సలహా ఇచ్చాడు: మనసు చీకటిగా ఉన్న కాలంలో, వెలుగులో ఉండగా చేసిన తీర్మానాలను మార్చుకోవద్దు. నాకు ఇందులో గొప్ప వివేకం కనిపిస్తుంది, ఎందుకంటే ఇలాంటి సమయంలోనే మనం సంఘం మారాలని, పరిచర్య వదిలేయాలని, నిబంధనలన్నీ తిరగరాయాలని తొందరపడతాం.

మాటలు రానప్పుడు కీర్తనలను అరువు తెచ్చుకోండి. “నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?” అని తనను తానే ప్రశ్నించుకునే 42వ కీర్తన ఉంది. చీకటితోనే ముగిసిపోయే 88వ కీర్తన కూడా ఉంది. దానిలో చివరకు వెలుగు రాదు, అయినా అది దేవుణ్ణి ఉద్దేశించి చేసిన ప్రార్థనే. సమయాన్ని తగ్గించుకోవచ్చు, పది నిమిషాలే కూర్చోవచ్చు, కానీ కూర్చోండి.

ప్రశ్న: కొన్ని ఆహారాలు తినడం, కొన్ని దినాలు పాటించడం వంటి విషయాలలో నాకు మనస్సాక్షి అభ్యంతరం లేదు. సంఘంలో కొందరికి ఉంది. “నీవు పరిపక్వుడవైతే తగ్గు” అంటున్నారు. ఎంతవరకు తగ్గాలి? ఎప్పటికీ నేనే తగ్గాలా?

జవాబు: రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయంలో సరిగ్గా ఈ తగాదానే ఉంది. సిద్ధాంతపరంగా పౌలు మీ వైపే ఉన్నాడు. సహజముగా ఏదియు నిషిద్ధము కాదని తనకు రూఢిగా తెలుసునంటాడు. అయినా తరువాతి అధ్యాయం ఆరంభంలో భారాన్ని మాత్రం మీ మీదే పెడతాడు: “బలవంతులమైన మనము, మనలను మనమే సంతోషపరచుకొనక, బలహీనుల దౌర్బల్యములను భరించుటకు బద్ధులమై యున్నాము.” నిజానిజాలు తెలిసినవాడే ముందుగా వంగాలి. స్వేచ్ఛ ఉందని నిరూపించుకోవలసిన అవసరం తీరిపోవడం కూడా ఎదుగుదలే.

అయితే “ఎప్పటికీ నేనేనా” అన్న మీ ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి పౌలు చేతలలో జవాబు దొరుకుతుంది. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసుదేశస్థుడు; ఆ ప్రాంతపు యూదులను బట్టి పౌలు అతనికి సున్నతి చేయించాడు. గ్రీసుదేశస్థుడైన తీతు విషయంలో అదే సున్నతిని కొందరు తప్పనిసరి చేయబోతే, ఒక్క గడియసేపైనా వారికి లోబడలేదని గలతీయులకు వ్రాశాడు. క్రియ ఒక్కటే, నిర్ణయాలు రెండు. మొదటి సందర్భంలో మనుష్యులకు సువార్త దగ్గరకు దారి సుగమం చేయడం ఉంది. రెండవదానిలో, క్రీస్తుతో పాటు మరొకటి కూడా ఉంటేనే రక్షణ అన్న బోధకు తలవంచడం ఉండేది. కాబట్టి మీ ఎదుట ఉన్న వ్యక్తి ఎవరో గమనించండి. మిమ్మల్ని చూసి తన మనస్సాక్షికి విరుద్ధంగా నడిచి గాయపడే సోదరుడైతే, ఎంతకాలమైనా తగ్గండి. ఎవరూ గాయపడకపోయినా తన నియమాలను అందరి మీద రుద్ది, పాటించనివారిని అవిశ్వాసులుగా లెక్కగట్టేవాడైతే, ప్రేమతోనే, కానీ తగ్గకుండా నిలబడండి. ఈ తేడాను కనిపెట్టడానికి సూత్రం ఇవ్వలేను. మొదటి జవాబులో చెప్పిన వివేచనకు ఇక్కడే పని పడుతుంది.

ప్రశ్న: “మీ పరలోకపు తండ్రి పరిపూర్ణుడు గనుక మీరును పరిపూర్ణులుగా ఉండెదరు” అని ప్రభువు అన్నాడు కదా. ఈ లోకంలోనే పాపం లేని స్థితికి చేరగలమా?

జవాబు: ఈ విషయంలో సంఘాల మధ్య నిజమైన అభిప్రాయభేదం ఉంది, దానిని దాచడం మంచిది కాదు. విశ్వాసుల జీవితమంతా మారుమనస్సే అయి ఉండాలని సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1517లో ప్రకటించిన తొంభై అయిదు వాదాలలో మొదటిది చెబుతుంది. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ మాత్రం దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించే స్థితిని ఈ జీవితంలోనే కృప చేత పొందవచ్చునని బోధించి, 1766లో దానిని వివరంగా ప్రచురించాడు. అయితే అజ్ఞానం, పొరపాట్లు, శరీర బలహీనతలు ఆ స్థితిలో కూడా ఉంటాయని ఆయనే స్పష్టం చేశాడు; తాను ఆ స్థితికి చేరానని చాటుకోలేదు. దూరం నుండి కనిపించినంతగా వీరిద్దరూ పరస్పర విరుద్ధులు కారని నా అభిప్రాయం.

మీరెత్తి చూపిన వచనానికి ముందున్న మాటలు చదవండి. చెడ్డవారి మీదను మంచివారి మీదను తన సూర్యుణ్ణి ఉదయింపజేసే తండ్రి గురించి, శత్రువులను ప్రేమించడం గురించి ప్రభువు అక్కడ మాట్లాడుతున్నాడు. అక్కడి పరిపూర్ణత, ప్రేమకు హద్దులు గీయకపోవడం. ఇక పౌలు, ఫిలిప్పీయులకు బంధకాలలో నుండి వ్రాస్తూ, “ఇదివరకే నేను గెలిచితిననియైనను, ఇదివరకే సంపూర్ణసిద్ధి పొందితిననియైనను నేను అనుకొనుటలేదు” అన్నాడు. మూడు వచనాల తరువాత, మనలో సంపూర్ణులమైనవారమందరము ఈ తాత్పర్యమే కలిగియుందమన్నాడు. ఇంకా చేరలేదని ఎరిగి పరుగు ఆపకపోవడాన్నే ఆయన సంపూర్ణుల లక్షణంగా చెప్పాడు. పెంతెకొస్తు నాడు వేలమందికి ప్రకటించిన పేతురు, కొన్నేళ్ల తరువాత అంతియొకయలో మనుష్యులకు భయపడి అన్యజనులతో భోజనం మానుకున్నాడు. పౌలు అతనిని ముఖాముఖిగా ఎదిరించవలసి వచ్చింది. ఒక సువార్త ప్రయాణంలో మధ్యలోనే తమను విడిచి వెళ్లిన మార్కు విషయంలో పౌలు, అతని సహసేవకుడు బర్నబా తీవ్రంగా వాదించుకుని విడిపోయారు. అయితే తన చివరి దినాలలో అదే మార్కును తోడుకొని రమ్మని, అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని పౌలు వ్రాశాడు. తన పాత అభిప్రాయాన్ని మార్చుకోగలిగిన ఆ ముసలి అపొస్తలునిలో నాకు కనిపించే పరిపక్వత, ఎన్నడూ ఎవరితోనూ విభేదించని మనిషిలో కనిపించదు.

ప్రశ్న: మా సంఘంలో రెండేళ్ల క్రితం విశ్వసించిన, చదువుకున్న, చక్కగా మాట్లాడే యువకుణ్ణి పెద్దగా నియమించాలనుకుంటున్నారు. నాకు సంకోచంగా ఉంది. అసూయ అనుకుంటారేమోనని నోరు విప్పలేదు.

జవాబు: మీ సంకోచానికి లేఖనంలో ఆధారం ఉంది. అధ్యక్షుడు, అంటే సంఘాన్ని నడిపించే పెద్ద, గర్వాంధుడు కాకుండేలా క్రొత్తగా చేరినవాడై ఉండకూడదని తిమోతి మొదటి పత్రిక 3వ అధ్యాయం చెబుతుంది; అదే అధ్యాయం పరిచారకులు కూడా మొదట పరీక్షింపబడాలంటుంది. అక్కడి అర్హతలలో ఎక్కువ భాగం మితం, ఆతిథ్యం, ధనాపేక్ష లేకపోవడం, ఇంటివారిని నడిపించే తీరు వంటివి. బోధించే సామర్థ్యం వాటి నడుమ ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది. అయితే రెండేళ్లు తక్కువా ఎక్కువా అన్న సంఖ్యను లేఖనం నిర్ణయించలేదు. తిమోతి యౌవనాన్ని ఎవరూ తృణీకరించనివ్వకూడదని అదే పత్రికలో పౌలు వ్రాశాడు గనుక, వయస్సును ఆక్షేపణగా ఎత్తకండి.

పెద్దల సమావేశంలోనే మాట్లాడండి, బయట కాదు. ఆ యువకుణ్ణి కాదనడానికి బదులు, ఒక సంవత్సరం పాటు అనుభవమున్న పెద్ద వెంట ఉండి రోగులను పరామర్శించడం, తగవులు విని పరిష్కరించడం, ఎవరూ చూడని పనులు చేయడం అతనికి అప్పగించమని ప్రతిపాదించండి. సంవత్సరం చివర, అతడు ఎవరితో కలిసి పనిచేశాడో వారి అభిప్రాయం తీసుకుని నిర్ణయించవచ్చు. ఈ ప్రతిపాదనను ముందుగా అతనికే చెప్పండి. అతడు దానిని ఎలా స్వీకరిస్తాడన్నది కూడా సంఘానికి ఎంతో కొంత తెలియజేస్తుంది.